అన్నీ కాదని రాసిన జవాబు

వకీలంటే మాట్లాడేవాడు అనుకుని ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పేస్తున్నాను. నోటితో గెలిచే కేసులు చాలా తక్కువ. మిగతావన్నీ రాతతో గెలుస్తాం, రాతతోనే ఓడిపోతాం. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పాతబస్తీ కోర్టుల్లో ఒక జీవితకాలం గడిపి, ఇక మెట్లెక్కలేమని మోకాళ్లు మొరాయించాక సైదాబాద్‌లో మా ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తీరిక దొరికింది గానీ కోపం చల్లారలేదు. కాబట్టి ఇందులో మర్యాదలు ఎక్కువ వెతకకండి.

ముందు పని ఏమిటో చెబుతాను. దావా వేసినవాడు వాది. తన గోడునంతా కాగితం మీద పెడతాడు. అవతలి పక్షం, అంటే ప్రతివాది, దానికి పేరా పేరాకూ సమాధానం రాసివ్వాలి. దాన్ని జవాబుదావా అంటాం. తర్వాత సాక్షులు బోనెక్కుతారు. అదయ్యాక ఇద్దరు వకీళ్లూ నోటితో వాదిస్తారు. చివరికి జడ్జిగారు, "రాతపూర్వక వాదనలు కూడా ఇవ్వండి" అంటారు. మావాళ్లలో చాలామందికి ఈ చివరి మాట చెవికెక్కదు. అదొక లాంఛనం అనుకుంటారు. దావాలోని పేరాలనే అటూ ఇటూ తిప్పి, పైన శీర్షిక మార్చి, గుమాస్తా చేత టైపు చేయించి పడేస్తారు. జడ్జిగారు తీర్పు రాసుకునేటప్పుడు మన గొంతు ఆయన దగ్గర ఉండదు, ఆ కాగితమే ఉంటుంది. ఇంత చిన్న విషయం పట్టని సీనియర్లు ఎంతమందో చెబితే మీరు నమ్మరు.

ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసే ఒక షెడ్డు గురించి కేసు నడిచింది. షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడు. విగ్రహాలు చేసేవాళ్ల తరఫు వకీలుగారు ఇచ్చిన వాదనలో గణపతి మహిమ ఉంది, కళ ఉంది, మన సంస్కృతి ఉంది, యజమాని ఎంత దుర్మార్గుడో ఉంది. జడ్జిగారు చదివి చదివి తలెత్తి, "ఇంతకీ మీ క్లయింటు ఆ షెడ్డులో ఏ హక్కుతో ఉంటున్నాడండీ?" అని అడిగారు. వకీలుగారు తన కాగితాలే తిరగేసుకున్నారు. అందులో ఆ ముక్క లేదు. బయటికొచ్చి, "ఈ జడ్జికి భక్తి లేదమ్మా" అని నా దగ్గర వాపోయారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను చాయ్ తాగడానికి వెళ్లిపోయాను.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే సరదాగానే ఉంటుంది. కానీ నేను రాయాలనుకున్నది సరదా సంగతి కాదు. ఒక్క కేసు గురించి రాస్తాను. వాదన అంటే ఏమిటో, అందులో ఏ భాగం ఎందుకు ఉండాలో, లేకపోతే ఎవరి బతుకు ఏమవుతుందో ఆ ఒక్క కేసులోనే ఉంది.

అడిగేది ముందు అడగండి

యాదమ్మది పాతబస్తీలోని జహనుమా. పాల కుటుంబం. ఇంటి వెనక కొట్టం, కొట్టంలో బర్రెలు. మామగారి కాలం నుంచీ అదే పని. భర్త పోయాక కొడుకును తోడు పెట్టుకుని ఆవిడే నడుపుకొస్తోంది. ఇంటి ముందు గల్లీ ఎంత ఇరుకంటే రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పైగా వీధిగుమ్మానికి మెట్లు. అందుకని బర్రెలు ఎప్పుడూ వెనకవైపు నుంచే, పక్కనున్న ఖాళీ జాగా అంచు మీదుగా రోడ్డెక్కేవి. ఆ జాగా చేతులు మారింది. కొత్తగా కొన్నాయన, యాదమ్మ బర్రెలు తన స్థలంలో అడుగు పెట్టకూడదని, తాను ప్రహరీ కట్టుకుంటుంటే ఆవిడ అడ్డు రాకూడదని దావా వేశాడు.

ఆ కేసు మొదట చూసింది మా సీనియర్. ఆయన పేరు రాయను. కోర్టులో అందరూ పెద్దసార్ అనేవారు. నేను ఈ వృత్తిలో ఓనమాలు దిద్దింది ఆయన ఆఫీసులోనే. తర్వాత నా ఆఫీసు నేను పెట్టుకున్నాను. ఆయనకు ఒంట్లో బాగుండక కోర్టుకు రావడం మానేశాక ఫైళ్లు ఒక్కొక్కటీ తన పాత జూనియర్లకు పంపించారు. అలా యాదమ్మ ఫైలు చంకలో పెట్టుకుని నా గుమ్మం ముందుకు వచ్చింది. అప్పటికే సాక్షుల విచారణ ముగిసిపోయింది. వాదనలొక్కటే మిగిలాయి.

"వకీలమ్మా, పెద్దసారు ఇగ కోర్టుకు వస్తలేడంట. నీకియ్యమన్నడు" అని ఫైలు బల్ల మీద పెట్టింది.

"యాదమ్మా, ఫైలు నేను తర్వాత చదువుకుంట. నీకేం కావాలె? అది చెప్పు ముందు."

"ఏం గావాలె? నా బర్లు రోడ్డు మీదికి పోవాలె, మల్ల ఇంటికి రావాలె. గంతే."

"ఆ జాగా కావాలా?"

"ఆయన జాగా నాకెందుకమ్మా? కొనుక్కున్నడు, ఇల్లు కట్టుకోనీ. అంచుకు బర్రె పట్టేంత తొవ్వ ఇడిస్తే చాలు. గా తొవ్వ మూస్తే నా బర్లు ఎటు పోవాలె? ఎగిరి పోతయా?"

చూశారా, వాదనలో మొదటి భాగం ఇదే. ఏం అడుగుతున్నామో, ఏం అడగడం లేదో. యాదమ్మ నాలుగు మాటల్లో తేల్చేసింది. ఆ సాయంత్రం జవాబుదావా పైపైన తిరగేస్తే అందులో దారి అన్న మాటే లేదు. జాగా కొన్నాయన కాగితాలు దొంగ కాగితాలని ఉంది. ఆయనకు ఆ జాగా మీద హక్కే లేదని ఉంది. దావా కొట్టేయమని ఉంది. యాదమ్మ అడగని లొల్లి అంతా ఉంది, అడిగిన ఒక్కటీ లేదు. క్లయింటుకు ఏం కావాలో అడక్కుండానే జవాబు రాసే వకీళ్లు నాకు ఇప్పటికీ అర్థం కారు. దర్జీ అయినా కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించడు కదా.

ఎదుటివాడే ఇచ్చిన సాక్ష్యం

దావా మాత్రం నేను రెండుసార్లు చదివాను. యాదమ్మను రౌడీగా చూపించాలన్న ఉత్సాహంలో వాది తరఫు వకీలు ఒక పేరా రాశాడు. దాని సారాంశం ఇది: 'ప్రతివాది, అంతకు ముందు ఆమె మామ, ఎన్నో దశాబ్దాలుగా, ఎవరి అనుమతీ అడగకుండా, ఆ దారి తమ సొంతమైనట్టు, పట్టపగలు అందరూ చూస్తుండగానే బర్రెలను తోలుకుపోతున్నారు.'

ఆయన తిట్టాననుకున్నాడు. నాకైతే కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. చట్టంలో ఒక సూత్రం ఉంది. ఒకరి స్థలం మీదుగా ఇంకొకరు ఇరవై ఏళ్లకు పైగా, దాపరికం లేకుండా, ఎవరూ ఆపకుండా, బతిమాలుకుని కాక హక్కుగా నడిస్తే, స్థలం వాళ్లది కాకపోయినా నడిచే హక్కు వాళ్లకు వస్తుంది. జాగా అమ్ముడుపోయినా ఆ హక్కు పోదు. వాది వకీలు ఆ సూత్రంలోని ఒక్కొక్క అంశాన్నీ తన చేత్తో రాసి, కింద వాది సంతకం పెట్టించి కోర్టుకు ఇచ్చాడు. ఇంతకన్నా మంచి సాక్ష్యం యాదమ్మకు ఎవరిస్తారు?

కొత్తవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. బర్రెలు ఎన్నాళ్లు నడిచాయో ఒక పేజీ రాస్తారు. ఆ సూత్రం గురించి పాత తీర్పులన్నీ దించి ఇంకో పది పేజీలు రాస్తారు. రెండింటినీ కలిపే వాక్యం రాయరు. ఇన్నాళ్లు ఇలా నడిచారు కాబట్టి, ఈ సూత్రం ప్రకారం, యాదమ్మకు ఈ దారి మీద హక్కు ఉంది అని తేల్చి చెప్పాలి. అది జడ్జిగారే ఊహించుకుంటారులే అని వదిలేయకూడదు. ఆయన బల్ల మీద అలాంటి కట్టలు ఇంకా ఎన్నో ఉంటాయి. మన పని ఆయన నెత్తిన పెట్టడం బద్ధకమే గానీ గౌరవం కాదు.

ఆ సంతోషంతోనే, ఆ పేరాకు మనవాళ్లు ఏం జవాబిచ్చారా అని జవాబుదావాలో వెతికాను. ఇలా ఉంది: 'ఈ పేరాలో చెప్పినదంతా పచ్చి అబద్ధం. ప్రతివాది గానీ ఆమె కుటుంబీకులు గానీ ఆ స్థలం మీదుగా ఎన్నడూ బర్రెలను తోలలేదు.'

వాది హక్కును రాసి చేతిలో పెడితే, మనం వద్దని విసిరికొట్టాం.

పెద్దసార్ పద్ధతి

ఇది ఎలా జరిగిందో బయటివాళ్లకు అర్థం కాదు. ఈ తప్పు వకీళ్లే చేయగలరు. దావాలో చెప్పిన సంగతిని స్పష్టంగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని నియమం ఉంది. ఆ భయానికి పెద్దసార్ ఒక పద్ధతి కనిపెట్టారు. 'ముందు అన్నీ కాదనేయ్, తర్వాత సంగతి తర్వాత చూద్దాం' అనేవారు. ఆఫీసులో అందుకోసం ఒక నమూనా కాగితమే ఉండేది. అబద్ధం, అవాస్తవం, ఎన్నడూ జరగలేదు అని వరసగా వాక్యాలు. జూనియర్ పేరాల నంబర్లు మాత్రం మార్చేవాడు. ఎదుటివాడు 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' అని రాసినా మా ఆఫీసు నుంచి 'అబద్ధం' అనే జవాబు వెళ్లేది. దీన్ని మేం తెలివి అనుకునేవాళ్లం. ప్రతి సంగతి పక్కనా ఆగి, ఇది నిజమా, నిజమైతే మనకు లాభమా నష్టమా అని ఆలోచించడమే జవాబు రాయడం. అది మానేసి నమూనా కాగితం నింపితే దానికి వకీలెందుకు, గుమాస్తా చాలడా?

మర్నాడు యాదమ్మను పిలిచి ఆ జవాబును తెలుగులో చదివి వినిపించాను. అసలు కాగితం ఇంగ్లీషులో ఉంది. కింద ఆవిడ వేలిముద్ర, ఆ పక్కనే 'పైనున్నదంతా తెలుగులో చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని, నిజమని ఒప్పుకున్నాను' అన్న వాక్యం ఉన్నాయి. ఆ వాక్యం అన్ని కాగితాల కిందా ముందే టైపు చేసి ఉంటుంది.

యాదమ్మ సగం విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరన్నరు గట్ల?"

"నువ్వే చెప్పినవని ఇందులో రాసి ఉంది యాదమ్మా."

"నేనెప్పుడన్నమ్మా? మా మామ సచ్చేదాక గా తొవ్వలనే తోలిండు. నేను కాపురానికి వచ్చినసంది గదే తొవ్వ. బస్తీల ఎవల్నన్న అడుగు. నా నోట్లెకెల్లి రాని మాట నా వేలు కిందికి ఎట్ల వచ్చింది?"

"ఇది నీకు చదివి వినిపించలేదా?"

"ఎవరు ఇనిపిస్తరు? గుమాస్తా వచ్చిండు, గీడ ఒత్తు, గీడ ఒత్తు అన్నడు. ఒత్తిన." కాగితం మీద తన వేలిముద్రను చూపిస్తూ అంది. "ఇప్పుడు సమజైతుందమ్మా. ఆ దినం బోన్ల నిలబడితె అవతలి వకీలు గీ కాయితమే సూపెట్టిండు. గీ వేలిముద్ర నీదేనా అన్నడు. నాదే అన్న. మరి ఇప్పుడు తోలినమని అబద్ధమెందుకు చెప్తున్నవ్ అన్నడు. అందరు నన్నే చూసిన్రు. నేనేం అబద్ధమాడిన్నో నాకు తెల్వలే. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలే."

క్రాస్ విచారణలో ఆవిడ నిజమే చెప్పింది. ఆ నిజాన్ని అబద్ధంగా నిలబెట్టింది ఆవిడ సొంత వకీలు రాసిన కాగితం. అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. చదువు రాని మనిషి వేలు పట్టుకుని మన మాటను ఆమె మాటగా కోర్టుకు చెప్పడానికి మనకు ఎవరిచ్చారండీ అధికారం? వకాలత్ ఇచ్చింది అందుకా?

ఒక్క అఫిడవిట్

జవాబుదావాను సవరించుకోవడానికి చట్టంలో వీలుంది. కానీ విచారణ మొదలయ్యాక సవరించాలంటే, ఎంత జాగ్రత్తగా ఉన్నా ముందే చేయలేకపోయామని కోర్టును ఒప్పించాలి. ఆ సంగతి చెప్పగలిగినవాడు ఒక్కడే. ఆ మాట క్లయింటు చెప్పలేదని, ఆఫీసులో అలవాటు కొద్దీ రాసిందని, ఆమెకు చదివి వినిపించలేదని పెద్దసార్ ఒక అఫిడవిట్ ఇస్తే చాలు. నేను మలక్‌పేటలోని ఆయన ఇంటికి వెళ్లాను.

"రా అమ్మా, చాలా రోజులైంది" అని ఆప్యాయంగానే పలకరించారు. నేను ఫైలు తెరిచి ఆ పేరా చూపించాను.

"డినై చేయకపోతే అడ్మిట్ చేసినట్టయితది. నీకు నేర్పింది నేనే కదా" అన్నారు.

"సర్, ఇక్కడ ఒప్పుకుంటేనే మన కేసు ఉంది. దారి మీద హక్కుకు ఏం కావాల్నో అన్నీ వాదే రాసిచ్చిండు. మనం కాదన్నం."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని దావాలోని ఆ పేరా మళ్లీ చదివారు. ఆయనకు అర్థమైంది. ముఖంలో కనిపించింది. అయినా ఫైలు మూసి నా వైపు తోశారు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటవ్?"

అఫిడవిట్ సంగతి చెప్పాను.

"ఈ వయసుల నేను కోర్టుకు పోయి తప్పైందని రాసియ్యాల్నా? మన బార్ వాళ్లు నాకు సన్మానం పెట్టుకున్నరు తెలుసా నీకు?"

"ఆమెకు ఇంకో దారి లేదు సర్. బర్లు బయటికి రాకపోతే ఆ ఇంట్ల పొయ్యి వెలగదు."

"ఆమె చదువుకున్న మనిషి కాదమ్మా. ఆనాడు ఏం చెప్పిందో ఈనాడు ఆమెకే యాదుండదు. వేలిముద్ర ఉంది కదా, ఇగ ఫికర్ ఎందుకు? నువ్వు మంచిగ వాదించు, నీ మీద నాకు నమ్మకముంది."

నేను లేచి వచ్చేశాను. ఈయన నాకు చేసిన మేలు చిన్నది కాదు. ఆడపిల్లకు ఫైలెందుకు, ఫోన్లు ఎత్తడానికి పెట్టుకోండి అని తోటివాళ్లు అంటుంటే, నా చేతికి మొదటి కేసు ఇచ్చింది ఆయనే. గుడి పూజారి కూతురినైన నాకు కోర్టు భాష నేర్పింది ఆయనే. ఆ రుణం ఉంది, ఎన్నటికీ ఉంటుంది. అయినా ఆ రోజు ఆయన చేసింది దుర్మార్గం. పొరపాటు ఎవరైనా చేస్తారు. తన పొరపాటు ఇంకొకరి నెత్తిన పడుతోందని కళ్లారా చూసి, శాలువా కోసం నోరు మూసుకోవడం పొరపాటు కాదు. ఇలా రాస్తే మా తరంవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

అఫిడవిట్ లేకుండానే సవరణ పిటిషన్ వేశాను. చదివి వినిపించినట్టు వేలిముద్ర పక్కనే రాసి ఉండగా వినిపించలేదంటే ఎలా నమ్మేది అని కోర్టు కొట్టేసింది. ఇక మిగిలింది రాతపూర్వక వాదన ఒక్కటే. యాదమ్మ దారి ఆ కొన్ని పేజీల మీద నిలబడి ఉంది.

మనకు వ్యతిరేకమైన మాట మొదటి పేజీలోనే

వాది తరఫు వాదన మాకంటే ముందే వచ్చింది. అందులో యాదమ్మ అబద్ధాలకోరు, ఆక్రమణదారు, మోసగత్తె. తిట్లు తీసేస్తే మిగిలిన బలమైన మాట ఒకటే. ప్రతివాది కాగితం మీద ఒకటి చెప్పి, బోనులో ఇంకొకటి చెప్పింది.

మా ఆఫీసులో పనిచేస్తున్న కొత్త వకీలు శ్రీలత, "మేడం, ఆ పాయింట్‌ను మనం ఎత్తకుండా ఉంటే మంచిది కదా" అంది.

"మనం ఎత్తకపోతే జడ్జిగారు మరిచిపోతరా? మొదటి పేజీలనే పెడదాం."

"మన తప్పును మనమే మొదటి పేజీల పెట్టుడేంది మేడం? నాకైతే భయంగ ఉంది."

నాకూ భయంగానే ఉంది. కానీ ఎదుటివాడి బలమైన మాటను తప్పించుకుని రాసిన వాదన వాదన కాదు. జడ్జిగారి మనసులో ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటూ ఉంటే, మనం మిగతా పేజీల్లో ఎంత చక్కగా రాసినా ఆయన తలకెక్కదు. ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ తర్వాత మన మాట చెప్పాలి. అందుకే మొదటి పేజీలోనే ఇలా రాశాను:

'బర్రెలను ఎన్నడూ తోలలేదని ప్రతివాది జవాబుదావాలో ఉంది. అది మాకు వ్యతిరేకమైన మాట. మేం దాన్ని దాచడం లేదు. అయితే తోలారని దావాలో చెప్పింది స్వయంగా వాది. తోలానని బోనులో చెప్పింది ప్రతివాది. ఈ కేసులో ఒకరికొకరు ఎదురైన ఇద్దరు మనుషులు ఒప్పుకుంటున్న సంగతి ఇదొక్కటే. తోలలేదని అన్న మనిషి ఎవరూ లేరు, ఒక కాగితం మాత్రమే ఉంది. వాది తానే ప్రమాణం చేసి చెప్పిన సంగతి, తనకు పనికొచ్చినప్పుడు నిజమై, ప్రతివాదికి పనికొచ్చేసరికి అబద్ధం కాజాలదు.'

ఆ తర్వాత దారి, దాని వాడకం, సూత్రం, అందువల్ల హక్కు. చివర్లో యాదమ్మ కోరిక, ఆవిడ అడిగినంతే. జాగా వాదిదే, ఇల్లు కట్టుకోవచ్చు, అంచున బర్రె పట్టేంత దారి వదలాలి. విశేషణాలన్నీ కొట్టేశాను. వాదిని ఒక్క మాట అనలేదు. తిట్టు రాసిన చోట కారణం లేదని చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

దాఖలు చేసే ముందు యాదమ్మను కూర్చోబెట్టి మొత్తం తెలుగులో చదివాను. 'ప్రతిరోజూ' అన్నచోట ఆపింది.

"రోజు అని రాయకమ్మా. ముసుర్ల తోలం. బర్రె ఈనిన్నాడు తోలం. మల్ల ఆ వకీలు అబద్ధమంటడు నన్ను."

దాన్ని కొట్టేసి 'క్రమం తప్పకుండా, వాన ముసురు పట్టిన రోజులు, బర్రె ఈనిన రోజులు మినహా' అని మార్చాను. శ్రీలత ఆ మార్పును తన ప్రతిలో కూడా రాసుకుంది.

తీర్పు

ఓడిపోయాం.

జడ్జిగారు నా వాదన మొత్తం చదివారని తీర్పు చూస్తే తెలుస్తుంది. దారిని చాలా ఏళ్లుగా వాడుతున్నట్టు వాదే ఒప్పుకున్నాడని రాశారు. అయినా ప్రతివాది తన జవాబుదావాలో అడగని హక్కును, పైగా తానే కాదన్న సంగతి మీద ఆధారపడే హక్కును, వాదనల దశలో అడగడానికి వీల్లేదన్నారు. ప్రతివాది న్యాయవాది నిజాయితీని అభినందిస్తున్నట్టు కూడా ఒక వాక్యం రాశారు. ఆ అభినందన నేనేం చేసుకోను? యాదమ్మ బర్రెలకు మేతగా వేయనా?

ఆ తీర్పు తప్పని నేను ఇప్పటికీ అంటాను. వాది తానే ఒప్పుకున్న సంగతిని మళ్లీ ప్రతివాది నిరూపించాల్సిన పని లేదు. కానీ నా కోపమంతా జడ్జిగారి మీద కాదు. ఆయన ముందున్న కాగితాన్ని బట్టి ఆయన పోయారు. ఆ కాగితం మా ఆఫీసుల్లో, మా బల్లల మీద, మా బద్ధకంలో తయారైంది. పేద మనిషి కేసు కదా, నమూనా నింపి పంపిద్దాంలే అనుకున్న రోజే ఆ దారి మూసుకుపోయింది. తర్వాత నేను ఎంత బాగా రాసినా అది శవానికి వైద్యమే. పిల్లలూ, చివర్లో రాసే వాదన గొప్పగా ఉండాలని అందరూ నేర్పుతారు. మొదటి రోజున క్లయింటును కూర్చోబెట్టి, పేరా పేరా చదివి, 'ఇది నిజమేనా?' అని అడగమని ఎవరూ నేర్పరు. దాన్ని చిన్న పని అనుకుంటారు.

అప్పీలు వేశాం. అది తేలేదాకా గోడ కట్టకుండా ఆపమన్న స్టే పిటిషన్‌కు వాయిదా పడింది. గోడకు వాయిదా పడలేదు. తీర్పు చేతిలో ఉంది కాబట్టి పక్కాయన ఆగకుండా కట్టించేశాడు. అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పీలులో కొత్తగా వేయాల్సిన కాగితం మీద వేలిముద్ర కోసం నేనూ శ్రీలతా జహనుమాకు వెళ్లినరోజే బర్రెలను అమ్మేశారు. కొన్నవాళ్లు ఇరుకు గల్లీ చివర బండి పెట్టుకుని నిలబడ్డారు. కొట్టం నుంచి రోడ్డుకు ఇప్పుడున్నది ఒకటే దారి, ఇల్లు. నడిమింట్లో మంచాలు ఎత్తి గోడకు నిలబెట్టారు. దేవుడి పటాల ముందు నుంచి, వంట సామాన్ల పక్క నుంచి, బర్రెలను ఒక్కొక్కదాన్నే నడిపించారు. వీధిమెట్ల మీద గోనెసంచులు పరిచారు. ఒక బర్రె గడప దగ్గర మొరాయించి వెనక్కి తిరగబోయింది. అలవాటైన వైపు పోదామని దాని ఆరాటం. యాదమ్మ కొడుకు దాన్ని తోస్తూ తోస్తూ ఏడ్చేశాడు. బస్తీ జనం గల్లీలో నిలబడి చూస్తున్నారు.

బండి వెళ్లిపోయాక యాదమ్మ పెండ అంటిన నడిమిల్లు కడిగింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని నా ముందు కూర్చుంది. నేను అప్పీలు కాగితం చదివి వినిపించడం మొదలుపెట్టాను. కాసేపు విని, ఆపమని సైగ చేసింది.

"వకీలమ్మా, నువ్వు పెద్దసారు దగ్గరికి మల్ల పోతవా?"

"ఎందుకు యాదమ్మా?"

"యాదమ్మ బర్లు గా తొవ్వల నడుస్తలేవని ఆనాడు రాసిండు గద. ఇప్పుడు రాయమను." బొటనవేలు నా ముందుకు చాపింది. "ఇప్పుడైతే ఎవరు ఇనిపియ్యకున్నా ఒత్తుత."